పెడల్ తొక్కిందెవరు?

అల్లాబక్ష్ కాళ్ళు మాత్రమే కారు బయట ఉన్నాయి. మిగతా మనిషంతా డ్రైవరు సీటు కిందికి దూరిపోయాడు. స్టేషను వెనక రేకుల షెడ్డులో తెచ్చి పడేసిన ఆ ఆకుపచ్చ కారుకి ఎడమ వైపు ముక్కూ మొహమూ లేవు. కుడి వైపు తలుపు మాత్రం ఏమీ జరగనట్టు బుద్ధిగా తెరుచుకుంది. అందులోంచి పొడుచుకొచ్చిన పాత చెప్పుల జతని చూసి ఎస్సై లక్ష్మీకాంత్ ఆగిపోయాడు.

"ఎవర్రా అది?"

"శవాన్ని సారూ" అన్నాడు లోపలి మనిషి. "పంచనామా రాసుకోండి."

లక్ష్మీకాంత్ పళ్ళు నూరాడు. ఆ గొంతు ఆయనకి బాగా తెలుసు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజున, నిక్షేపంలా ఉన్న జీపుని చెడిపోయిందని చెప్పి, కొత్త ఎస్సై చేత బజారు పొడుగునా తోయించిన డ్రైవరు ఈ అల్లాబక్షే. డిపార్టుమెంటులో డ్రైవరుగా రిటైరయ్యాక విజయవాడ వన్ టౌన్‌లో కూర్చుని, పోయిన స్కూటర్లనీ పారిపోయిన అల్లుళ్ళనీ వెతికిపెడుతున్నాడు. తొమ్మిదో తరగతి తప్పిన మనిషిని జనం సగం వేళాకోళంగా, సగం నమ్మకంగా డిటెక్టివ్ అంటారు. ఆయన రెండు సగాలకీ ఒకేలా నవ్వుతాడు.

"బక్షూ, బయటికి రా. ఎవడు రమ్మన్నాడు నిన్ను? బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి రిపోర్టు ఇచ్చేశాడు. బ్రేకులు లేవు, పైపులు మాత్రం పగల్లేదు. అంటే పని చేసినవాడు సరిగ్గా చెయ్యలేదు. ఆ పని చేసినవాడు లోపల ఉన్నాడు. మధ్యాహ్నం కోర్టు."

"అందుకే పొద్దున్నే వచ్చా."

అల్లాబక్ష్ వెనక్కి పాకి బయటికొచ్చి, చొక్కా దులుపుకున్నాడు. నవ్వుతూనే ఉన్నాడు గానీ కళ్ళ కింద రాత్రంతా నిద్ర లేని వాపు. నిన్న సాయంత్రం అర్ఫా వచ్చి ఆయన గుమ్మంలో కూలబడింది. ఆటోనగర్‌లో బ్రేకుల షెడ్డు నడిపే ఇష్తియాక్ చెల్లెలు. "అన్నయ్య ఏం చెయ్యలేదు మామూ. ఈ కేసు కోర్టుకెక్కితే ఇంక మా షెడ్డు ముందు సైకిల్ కూడా ఆగదు" అంది. ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. బ్రేకుల మేస్త్రీకి ఉండే ఆస్తల్లా పేరు. చేతిలో పెట్టిన ప్రాణాన్ని కాపాడతాడన్న పేరు. అది పోతే పానాలూ రెంచీలూ అమ్ముకుని తినాల్సిందే.

పొద్దున్న స్టేషనుకి రాగానే అల్లాబక్ష్ ఊచల్లోంచి ఒక్కటే అడిగాడు. "ఆ కారు ముట్టుకున్నావా?"

"లేదు మామూ" అన్నాడు ఇష్తియాక్. "మాస్టారు బ్రేకు ప్యాడ్లు నా దగ్గర కొన్నారు. ఎట్టా వెయ్యాలో ఫోనులో అడిగారు, చెప్పా. అంతే."

అల్లాబక్ష్‌కి అది చాలింది. చిన్నప్పుడు భుజాన వేసుకుని తిప్పిన పిల్లాడు.

"సారూ" అన్నాడిప్పుడు. "మావాడు ఈ కారు ముట్టుకోలేదు. నా మాట రాసుకోండి."

"నీ మాటా?" లక్ష్మీకాంత్ నవ్వాడు. "నీ మాట నమ్మేగా జీపు తోశాను."

"అది వేరు. అప్పుడు మీరు సన్నబడాలని."

"చచ్చిపోయిన వెంకటప్పయ్య మాస్టారి సొంత కూతురు కంప్లైంటు ఇచ్చింది. శుక్రవారం ఇష్తియాక్ చల్లపల్లి వచ్చి, ఇంటి ముందే ప్యాడ్లు మార్చి పోయాడంది. ఆదివారం పొద్దున మాస్టారు ఈ కారేసుకుని బయల్దేరాడు. ఎద్దుబండి అడ్డొచ్చింది. బ్రేకు పట్టలేదు. కల్వర్టు గోడ. ఇంకేం కావాలి నీకు?"

"ఒక మనిషి కావాలి. సీట్లో కూర్చుని బ్రేకు తొక్కే మనిషి. మీరైతే బాగుంటది."

"నేనా?"

"మీ కేసేగా. బరువు కూడా బాగానే ఉన్నారు."

తిట్టబోయి ఆగాడు లక్ష్మీకాంత్. మొండివాడే గానీ, తెలుసుకోవాలన్న దురద ఉన్న మనిషి. టోపీ తీసి పక్కన పెట్టి సీట్లో కూర్చున్నాడు. అల్లాబక్ష్ ముందు చక్రం దగ్గర నేల మీద చతికిలబడి, తలకాయ చక్రం వెనక్కి వంచాడు. ఇద్దరికీ మధ్య తలుపూ రేకూ అడ్డం. ఒకరికొకరు కనపడరు.

"తొక్కండి."

"తొక్కా. నేలకి తగిలింది."

"వదలండి. మళ్ళీ. మళ్ళీ. గబగబా."

"ఇప్పుడు కొంచెం పైకొచ్చింది."

"అదే గాలి సారూ. బ్రేకాయిల్లో గాలి చేరింది. నొక్కితే గాలి అణుగుద్ది గానీ ఆయిల్ అణగదు. ప్యాడ్లు మార్చినోడు పాత ఆయిల్ వదిలి కొత్తది పోశాడు, రంగు చూస్తే తెలుస్తది. అప్పుడు చక్రం దగ్గరుండే ఈ చిన్న మర, నిప్పిల్‌ని వదులు చేసి గాలి బయటికి పంపాలి. ఒకళ్ళు కింద కూర్చుని నిప్పిల్ తిప్పాలి, ఒకళ్ళు పైన పెడల్ తొక్కి పట్టుకోవాలి. కిందోడు నిప్పిల్ బిగించినాక, పైనోడు గట్టిగా తొక్కి చూసి, పెడల్ కదలకుండా నిలబడిందని చెప్పాలి. అప్పుడే పని అయినట్టు. కిందోడికి పెడల్ తెలీదు, పైనోడికి నిప్పిల్ కనపడదు. నడిచేదంతా నోటిమాట మీదే."

"సార్" అని షెడ్డు బయట నుంచి కానిస్టేబుల్ కేకేశాడు. "సర్కిల్ గారి ఫోను."

"వస్తున్నా" అంటూ లక్ష్మీకాంత్ ఒక కాలు బయటపెట్టాడు.

"సారూ, ఒక్కసారి గట్టిగా తొక్కి పట్టుకోండి" అన్నాడు చక్రం వెనక నుంచి అల్లాబక్ష్. "గట్టిగా ఉందా?"

"ఆ, ఉంది ఉంది."

అల్లాబక్ష్ నెమ్మదిగా లేచి వచ్చాడు.

"ఎట్టా ఉంటది సారూ? నేలకి తగిలే పెడల్ గట్టిగా ఎట్టా ఉంటది?"

లక్ష్మీకాంత్ మొహం ఎర్రబడింది. "ఫోనొచ్చిందయ్యా!"

"అదే అంటున్నా. ఆ రోజు పెడల్ మీదున్నోళ్ళకి కూడా ఇట్టాంటి ఫోనేదో వచ్చుంటది."

అదేం మాటో అడిగే తీరిక లేక ఎస్సై లోపలికి పరుగెత్తాడు. అల్లాబక్ష్ మళ్ళీ సీటు కిందికి తల పెట్టాడు. ఇందాక శవమని వేళాకోళం ఆడుతున్నప్పుడే అక్కడొకటి కంటపడింది. ఇంకోసారి చూసుకుందామని ఆగాడు. బ్రేకు పెడల్ రబ్బరు మీద గాడులుంటాయి, కాలు జారకుండా. పై భాగమంతా చెప్పులు రాసుకుని నల్లగా ఉంది. గాడుల లోపల మాత్రం పచ్చగా, ఎండిపోయిన ముద్ద. గోటితో గీరి వాసన చూశాడు.

ఎస్సై తిరిగొచ్చేసరికి ఆ వేలు ఆయన ముక్కు కింద పెట్టాడు.

"పసుపు" అన్నాడు లక్ష్మీకాంత్. "అయితే? కారుకి పూజ చేసుంటారు. మా ఇంట్లో సైకిల్‌కి కూడా చేస్తారు."

"ఎక్కడ పెడతారు బొట్టు?"

"ముందు. బానెట్టుకి. స్టీరింగుకి."

"కాలితో తొక్కేదానికి పెడతారా?"

ఎస్సై వంగి పెడల్ వైపు చూశాడు.

"ఇది కాలి పసుపు సారూ. తడి ఆరని కాలు. చెప్పుల్లేని ఆడమనిషి కాలు. మీ ఫిర్యాదులో ఏ రోజని ఉంది? శ్రావణ శుక్రవారం. వరలక్ష్మీ వ్రతం. మా ఇష్తియాక్ ఎన్ని వేషాలైనా వేస్తాడు గానీ, కాళ్ళకి పసుపు రాసుకోడు."

లక్ష్మీకాంత్ నవ్వు ఆపుకున్నాడు. కానీ ఆయన పోలీసు బుర్ర మాత్రం ఆగలేదు. ముక్కలైన బానెట్టుని పైకెత్తి, బ్రేకాయిల్ డబ్బా వైపు చూపించాడు. "సరే, నీ లెక్క ప్రకారం నిప్పిల్ వదులుండి ఆయిల్ కారింది. డబ్బాలో ఆయిల్ అడుక్కి పోయింది. ఇలాంటి కారుకి ఆయిల్ తగ్గితే సెన్సర్ ఉంటుంది, మీటరు దగ్గర ఎర్ర లైటు వెలుగుతుంది. మాస్టారు గుడ్డివాడు కాదుగా. లైటు చూసి ఎందుకు ఆగలేదు?"

అల్లాబక్ష్ వంగి చూశాడు. డబ్బా మూతకి ఉండాల్సిన సెన్సర్ వైరు పీకేసి ఉంది. దాన్ని వెనక్కి మడిచి, నల్ల టేపు చుట్టి, పక్కకి కట్టేశారు. పాతబడ్డ టేపు మీద దుమ్ము పేరుకుంది. ఆ వ్రతం శుక్రవారం చేసిన పని కాదది.

"మాస్టారే పీకుంటాడు. అన్నీ సొంతంగా చేసుకునే మనిషిగా. లైటు చికాకు పెట్టుంటది."

"పీకుంటాడా? పీకాడా?"

"అయ్యుంటది సారూ."

"'అయ్యుంటది' అని నేను రాస్తే మీరంతా ఊరుకుంటారా?" అన్నాడు లక్ష్మీకాంత్. తలుపు దగ్గర పెట్టిన టోపీ కోసం చెయ్యి చాచాడు. టోపీ లేదు. అది అల్లాబక్ష్ నెత్తిన ఉంది.

"ఇటివ్వు. పద. అరగంట ఇస్తున్నా."

చల్లపల్లిలో మాస్టారి ఇంటి వరండాలో ఆయన భార్య రావమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. మడత పడని మోకాలిని ఇంకో కుర్చీ మీద చాపుకుంది. కూతురు శ్రీదుర్గ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ముప్ఫై దాటని పిల్ల. కళ్ళు ఏడ్చి ఏడ్చి కాక, ఏడవకుండా ఆపుకుని ఎర్రబడ్డట్టున్నాయి. ఎస్సైని చూసి కొంగు సర్దుకుంది. పక్కనున్న గడ్డం మనిషి ఎవరో తెలిశాక మొహం గట్టిపడింది.

"వాళ్ళ తరఫు మనిషినా తీసుకొచ్చారు?"

"అవునమ్మాయ్, వాళ్ళ తరఫే" అన్నాడు అల్లాబక్ష్, మెట్టు మీదే కూర్చుంటూ. "తిట్టాలంటే తిట్టు. నాకు అలవాటే. మా ఇంట్లో పొద్దున టీకి ముందు ఒక దఫా ఉంటది." తర్వాత రావమ్మ వైపు తిరిగి, గొంతు దించాడు. "అక్కగారూ, నేను మాస్టారిని ఎరగను. కారు చూశాను. ప్యాడ్లు చాలా శుభ్రంగా వేశాడు. బోల్టులన్నీ ఒక్క తీరున బిగించాడు. చెయ్యి తిరిగిన పని."

రావమ్మ తల ఊపింది. "ఆయనంతే బాబూ. రేడియో, మోటారు, మిక్సీ, ఏది పాడైనా ఒకళ్ళకి ఇచ్చేది లేదు. మంచం మీద గుడ్డ పరిచి అన్నీ విప్పేవారు. ఒక్క మర పోనిచ్చేవారు కాదు."

"మరి ఇంత పనిమంతుడు బ్రేకులకి మాత్రం మేస్త్రీని పిలిచాడా?"

"పిలిచారు" అంది శ్రీదుర్గ, తల్లికి అడ్డొచ్చి. "చెప్పాగా ఎస్సై గారికి."

"ఎన్నింటికొచ్చాడమ్మా?"

"భోజనాలయ్యాక."

"ఎంతసేపున్నాడు?"

"గంటో, గంటన్నరో. నేను చూసుకోలేదు. ఇంట్లో వ్రతం పని."

"పని అయినాక లోపలికొచ్చాడా?"

"లేదు. వాకిట్లోంచే వెళ్ళిపోయాడు."

"చేతులు కడుక్కోవడానికి నీళ్ళు?"

"అడగలేదు."

"మంచినీళ్ళు?"

"అడగలేదండీ."

అల్లాబక్ష్ నుదురు కొట్టుకున్నాడు. "అదేంటమ్మా! వరలక్ష్మీ వ్రతం నాడు, పూర్ణం బూరెల వాసన వీధి చివరి దాకా కొడుతుంటే, విజయవాడ నుంచి వచ్చి గంటన్నర ఎండలో పని చేసినోడికి ఒక్క బూరె పెట్టలేదా? తురక పిల్లాడని ఊరుకున్నారా? మా వాడసలే తిండిపోతు. నాకొచ్చి ఫిర్యాదు చెయ్యాల్సింది."

"పెట్టలేదు. అయితే ఏంటి?" శ్రీదుర్గ గొంతు పెరిగింది. "బూరెలు పెట్టకపోతే అదొక నేరమా?"

"దుర్గా."

రావమ్మ పిలిచింది పెద్దగా కాదు. కానీ ఎస్సై కూడా కాగితం మీద నుంచి కళ్ళెత్తాడు. ఆవిడ మొహంలో తొమ్మిది రోజుల దుఃఖం కన్నా ముందు ఇంకోటి కదిలింది. ఆ ఇంటి గుమ్మంలోకి పండగ పూట వచ్చిన మనిషిని ఖాళీ చేతుల్తో పంపారన్న మాట ఆవిడ వినలేకపోయింది.

"మా ఇంటికి ఆ పూట చెత్త తీసుకుపోయేందుకు వచ్చిన దానమ్మకి కూడా విస్తట్లో పెట్టి ఇచ్చాను బాబూ. పేపరబ్బాయికి ఇచ్చాను. వాకిట్లో మనిషి పని చేస్తుంటే పెట్టకుండా ఉంటానా?" ఆవిడ చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. "ఎవరూ రాలేదు. ఆ రోజు ఏ మేస్త్రీ రాలేదు."

"అమ్మా!"

"ఇంక నావల్ల కాదే. ఆ పిల్లాడెవరో లోపల కూర్చున్నాడట."

ఎస్సై కలం మూత పెట్టాడు. ఏదో అనబోతుంటే అల్లాబక్ష్ చెయ్యెత్తి ఆపాడు. ఇలాంటి చోట లోకమంతా గుర్తుపెట్టుకునే జోకు ఒకటి వేసి, బిగిసిన మనిషిని నవ్వించి మాట రాబట్టడం ఆయన పద్ధతి. ఈసారి నోరు తెరిచి, మళ్ళీ మూసేశాడు.

"తల్లీ" అన్నాడు చివరికి. "కాళ్ళకి పసుపు ఎవరు రాశారు ఆ రోజు?"

శ్రీదుర్గ గుమ్మం పట్టుకుని కిందికి జారి కూర్చుంది.

"అమ్మే. పేరంటాళ్ళు వచ్చే వేళయింది, నువ్వు ముందు రాయించుకో అంది. తడి కాళ్ళతోనే ఉన్నా. నాన్న వాకిట్లోంచి కేకేశారు. 'అమ్మాయ్, ఒక్కసారి వచ్చి తొక్కు' అని." ఆగింది. "చిన్నప్పట్నుంచీ నాన్న ఏది విప్పినా టార్చి పట్టుకునేది నేనే. పెళ్ళయి వెళ్ళినా వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి విప్పి పిలిచేవారు. సీటు పాడవుతుంది, కాళ్ళు కడుక్కొస్తానన్నా. పర్లేదు రమ్మన్నారు."

"తొక్కావు."

"తొక్కమంటే తొక్కా, వదలమంటే వదిలా. చాలాసార్లు. చివర్లో 'బిగించేశా, ఇప్పుడు గట్టిగా పట్టుకో' అన్నారు. పట్టుకున్నా. కాలు నెమ్మదిగా కిందికి పోతోంది." శ్రీదుర్గ తన పాదం వైపు చూసుకుంది, అదేదో వేరేవాళ్ళదైనట్టు. "పసుపు తడికి జారుతోందనుకున్నా. నిజంగా అలాగే అనుకున్నానండీ. అప్పుడే గేటు తీసుకుని పేరంటాళ్ళు వచ్చారు. 'ఏమ్మా, మమ్మల్ని పిలిచి నువ్వు కారెక్కావా' అని నవ్వుతున్నారు. నాన్న కింద నుంచి అడిగారు, 'గట్టిగా ఉందామ్మా?' అని."

శ్రీదుర్గ కొంగు కొస వేలికి చుట్టుకుంది.

"'ఆ, గట్టిగానే ఉంది నాన్నా' అన్నా."

రావమ్మ కళ్ళు మూసుకుంది.

"వేరేవాళ్ళెవరైనా అయితే ఆయన లేచొచ్చి స్వయంగా తొక్కి చూసేవారు. అమ్మ చెప్పినా నమ్మేవారు కాదు. నేను చెబితే మాత్రం ఇంకోసారి అడిగేవారు కాదు." అప్పటిదాకా ఆపుకున్నదంతా అక్కడ తెగింది. మాటలు ఏడుపులో ముక్కలు ముక్కలుగా వచ్చాయి. "ఆస్పత్రిలో ఎవరో అన్నారు, బ్రేకు పట్టలేదని. ఎవరు చేశారమ్మా అని ఎస్సై గారు అడిగారు. ప్యాడ్ల డబ్బా మీద షెడ్డు పేరుంది. ఆ పేరు నోట్లోంచి వచ్చేసింది. ఒక్క మాట. తర్వాత వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలీలేదు. తీసుకుంటే, నేనే చంపానని నేనే చెప్పినట్టు కదా."

"నువ్వు చంపలేదు" అన్నాడు అల్లాబక్ష్. "నిప్పిల్ ఒక పిసరు వదులుండిపోయింది. అది ఆయన చేతి కింద ఉంది. నీ కాలు కింద కాదు."

"నా కాలికి తెలిసింది కదండీ!"

గెలిచినందుకు అల్లాబక్ష్‌కి మొట్టమొదటిసారి ఒళ్ళంతా చేదుగా అనిపించింది. బూరెల ఉచ్చు పన్నింది తనే. అందులో పడింది మొగుడు పోయిన మనిషి మర్యాద. ఇప్పుడు తల్లి కూతుర్ని చూడలేకపోతోంది, కూతురు తల్లిని చూడలేకపోతోంది. ఈ ఇంట్లో ఇంకెన్ని శ్రావణాలొచ్చినా ఎవరి కాళ్ళకీ ఎవరూ పసుపు రాయరు.

"నేను వచ్చి చెబుతా" అంది శ్రీదుర్గ లేస్తూ. "కోర్టు టైముకి ముందే చెబుతా. పదండి."

జీపులో వెనక సీట్లో శ్రీదుర్గ, ముందు ఎస్సై, డ్రైవరు పక్కన ఇరుక్కుని అల్లాబక్ష్. ఊరు దాటాక లక్ష్మీకాంత్ వెనక్కి తిరిగాడు. రిపోర్టు పూర్తి కావడానికి ఆయనకింకా ఒక ఖాళీ మిగిలింది.

"అమ్మా, ఒకటి చెప్పండి. కారులో బ్రేకాయిల్ లైటు ఉండాలి. ఆ వైరు మీ నాన్నగారే పీకేశారా?"

"వైర్లా?" శ్రీదుర్గ కళ్ళు తుడుచుకుంది. "లేదండీ. వైర్ల జోలికి మాత్రం నాన్న పోరు. ఇంట్లో ఫ్యూజు పోయినా కరెంటు పని చేసే జక్కయ్యని పిలిచేవారు. చిన్నప్పుడు షాకు కొట్టి పడిపోయారట. ఆ లైటు ఎండాకాలంలో ఊరికే వెలిగేది. విజయవాడ తీసుకెళ్ళి చూపించారు. వచ్చాక వెలగలేదు."

"ఎవరికి చూపించారు?"

"తెలీదండీ."

లక్ష్మీకాంత్ ముందుకి తిరిగి కూర్చుని, అల్లాబక్ష్ వైపు చూశాడు. అల్లాబక్ష్ రోడ్డు వైపు చూశాడు. ముప్ఫై ఏళ్ళు జీపు తోలిన మనిషికి, ఆ రోడ్డులో చూడ్డానికి అంత ఏముందో డ్రైవరుకి అర్థం కాలేదు.

ఆ టేపు చుట్టిన తీరు అల్లాబక్ష్ కళ్ళ ముందు కదిలింది. కొసని కత్తిరించకుండా, లాగితే ఊడొచ్చేలా లోపలికి మడిచి పెట్టారు. మళ్ళీ విప్పాల్సిన వైరుకి మేస్త్రీలు అలా చుడతారు. రేపు కొత్త సెన్సర్ వస్తే సులువుగా తగిలించడానికి.

స్టేషను గుమ్మంలో అర్ఫా నిలబడి ఉంది. శ్రీదుర్గని చూసి పక్కకి తప్పుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

శ్రీదుర్గ చెప్పింది చెప్పినట్టు రాయించి సంతకం పెట్టింది. లక్ష్మీకాంత్ ఇష్తియాక్‌ని బయటికి పిలిపించి, బల్ల ముందు నిలబెట్టి, ఆ అమ్మాయి చెప్పిందంతా ఒకసారి చదివి వినిపించాడు. ఇష్తియాక్ వింటూ వింటూ మధ్యలో బెంచీ వైపు తిరిగాడు. ఆ అమ్మాయి తల వంచుకుని తన కుడి కాలిని ఎడమ కాలి వెనక దాచుకుంటోంది.

"నా మీద కోపం పెట్టుకోకండి" అంది తల ఎత్తకుండా. "మా నాన్నని నేనే పోగొట్టుకున్నా. మిమ్మల్ని కూడా పోగొట్టేదాన్ని."

లక్ష్మీకాంత్ ఇంకో కాగితం ముందుకి తోశాడు. "నువ్వా ఇంటికి పోలేదు. ప్యాడ్లు నువ్వు మార్చలేదు. ఒప్పుకుంటున్నా. ఈ కారుని నేనెప్పుడూ ముట్టుకోలేదని ఇక్కడ రాసి, సంతకం పెట్టి ఇంటికి పో. బక్షు మాట కూడా ఇచ్చాడు."

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఎస్సై మొహంలో ఎగతాళి లేదు. అది ఉంటే అల్లాబక్ష్‌కి తేలిగ్గా ఉండేది.

ఇష్తియాక్ కలం అందుకున్నాడు. అల్లాబక్ష్ పక్కకి జరిగి, చెవి దగ్గర మెల్లగా అడిగాడు. "ఆ లైటు వైరు..."

ఇష్తియాక్ కళ్ళు వాలిపోయాయి. ఇంక అడగాల్సిందేమీ లేదు. బయట అర్ఫా నీడ గడప మీద పడుతోంది. అల్లాబక్ష్ ఒకసారి ఆ నీడనీ, ఒకసారి కాగితాన్నీ చూశాడు. జీవితంలో ఎంతమందిని ఎన్ని అబద్ధాలతో ఆటపట్టించాడో లెక్క లేదు. ఒక్కటి కూడా ఇంత బరువు లేదు.

"పెట్టు" అన్నాడు. "మీ చెల్లి ఎదురుచూస్తోంది. సంతకం పెట్టు."

కలం కాగితానికి ఆనింది. అక్కడే ఆగిపోయింది.

"మామూ" అన్నాడు ఇష్తియాక్, అందరికీ వినపడేలా. "నేను పెడితే, ఆ అమ్మాయి బతికినంత కాలం ఇదంతా తన కాలే చేసిందనుకుంటది."

కలం బల్ల మీద పెట్టేసి, ఎస్సై వైపు తిరిగాడు.

"ముట్టుకున్నాను సార్. ఎండాకాలంలో మాస్టారు షెడ్డుకొచ్చారు. సెన్సర్ పోయి లైటు ఊరికే వెలుగుతోంది. కొత్తది మద్రాసు నుంచి రావాలి. అప్పటిదాకా చికాకెందుకని వైరు నేనే తీసి కట్టేశా. రాగానే ఫోన్ చేస్తానన్నా. మొన్న ప్యాడ్లకొచ్చినప్పుడు కూడా, 'అది వచ్చిందా అబ్బాయ్' అని అడిగారు. కౌంటరు దగ్గర జనం ఉన్నారు. చూడకుండానే 'ఇంకా రాలేదు మాస్టారూ' అన్నా." గొంతు సవరించుకున్నాడు. "అప్పటికే వచ్చింది. మీరు నన్ను పట్టుకొచ్చిన రోజు పొద్దున సొరుగులో కనపడింది. లైటు వెలిగుంటే ఆయన ఆగేవాడు సార్."

శ్రీదుర్గ తల ఎత్తి అతన్ని చూసింది. ఆ చూపులో కోపం కోసం వెతికాడు అల్లాబక్ష్. దొరకలేదు.

గడప మీద నీడ కదిలింది. "అయిపోయిందా మామూ?" అర్ఫా లోపలికి తొంగి చూసింది. "అన్నయ్యని తీసుకెళ్ళొచ్చా?"

లక్ష్మీకాంత్ బల్ల మీది కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చించేసి, సొరుగులోంచి కొత్త తెల్ల కాగితం తీశాడు.

"కూర్చో ఇష్తియాక్" అన్నాడు. "మళ్ళీ మొదట్నుంచి చెప్పు."